ఒరాకిల్ క్లస్టర్‌కి లన్‌లు ఇవ్వడం: సైజు దగ్గర్నుంచి తీసివేత దాకా

ప్రశ్న: రెండు నోడ్ల (రెండు సర్వర్లు కలిసి ఒకే డేటాబేస్ నడిపే) ఒరాకిల్ ఆర్‌ఏసీ క్లస్టర్ కోసం కొత్త నెట్‌యాప్ ఆల్ ఫ్లాష్ స్టోరేజ్ వచ్చింది. సర్వర్లు రెడ్‌హ్యాట్ 8, కనెక్షన్ ఫైబర్ ఛానల్ (స్టోరేజ్ కోసం ఉండే ప్రత్యేక నెట్‌వర్క్). డీబీఏ (డేటాబేస్ చూసుకునేవారు) 3 టీబీ అడిగారు. ఒకటే 3 టీబీ లన్ (స్టోరేజ్ నుంచి సర్వర్‌కి డిస్కులా ఇచ్చే ముక్క) ఇవ్వాలా, ముక్కలు చేయాలా? థిన్ (రాసే కొద్దీ చోటు తీసుకునేది) మంచిదా, థిక్ (మొత్తం చోటు ముందే కేటాయించేది) మంచిదా? టెస్ట్ కోసం ఒక లన్ చేసి మ్యాప్ చేస్తే సర్వర్‌లో అది నాలుగు డిస్కులుగా కనిపిస్తోంది, ఎక్కడైనా తప్పు చేశానా? ఆ టెస్ట్ లన్‌ను తర్వాత ఎలా తీసేయాలి? అసలు ఇప్పుడు ఫైబర్ ఛానల్ బదులు ఫ్లాష్ కోసం వచ్చిన కొత్త ప్రొటోకాల్ ఎన్‌వీఎంఈకి వెళ్తే మంచిదా? నేను హైదరాబాద్‌లో ఉంటాను, డేటా సెంటర్ అమెరికాలో ఉంది.

సమాధానం:

ముందు మీ టెన్షన్ తీరుస్తాను. లన్ నాలుగు డిస్కులుగా కనిపించడం తప్పేమీ కాదు, ఒకటే డిస్కుగా కనిపించి ఉంటే అప్పుడు కంగారు పడాల్సింది. మీ సర్వర్‌లో రెండు హెచ్‌బీఏ (ఫైబర్ ఛానల్ కార్డు) పోర్టులు ఉన్నాయి. ఒక్కో పోర్టు నుంచి స్టోరేజ్‌లోని రెండు కంట్రోలర్లకూ దారి ఉంది. రెండు రెళ్లు నాలుగు. లినక్స్ కెర్నల్‌కి ఒక్కో దారీ ఒక్కో డిస్కు, అంతే. ఆ నాలుగూ ఒకటేనని గుర్తుపట్టి, పైన ఒకే డివైజ్‌గా చూపించే పని మల్టీపాత్‌ది. మల్టీపాత్ సర్వీసు ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఆన్‌లో ఉంటే ఇక మీరూ, మీ డీబీఏ కూడా ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లను ముట్టుకోకూడదు. రీబూట్ అయితే అవి మారిపోవచ్చు.

లన్ తయారు చేయడం రెండు నిమిషాల పని. స్టోరేజ్ ఉద్యోగంలో రాత్రి నిద్ర చెడేది ఆ రెండు నిమిషాల వల్ల కాదు. ఆ లన్‌ను ఎవరు చూస్తారు, ఏ దారిన చూస్తారు, చోటు నిండితే ఏమవుతుంది, ఎలా వెనక్కి తీసుకుంటాం అన్నవి ముందే తేల్చుకోకపోవడం వల్ల. అందుకే మీ ప్రశ్నలకు మీరు అడిగిన వరుసలో కాకుండా పని జరిగే వరుసలో జవాబిస్తాను.

మొదట సైజు. డీబీఏ 3 టీబీ అన్నప్పుడు ఏ టీబీ అని అడగండి. నవ్వుతారేమో, నవ్వనివ్వండి. డిస్కు కంపెనీల టీబీ వెయ్యి లెక్కన, నెట్‌యాప్ స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ అయిన ఆన్‌ట్యాప్‌లో మీరు టైప్ చేసే టీబీ 1024 లెక్కన. ఒక్కో టీబీ దగ్గర దాదాపు 9 శాతం తేడా వస్తుంది. వెయ్యి లెక్కలోని 3 టీబీ, 1024 లెక్కలోకి వచ్చేసరికి 2.73 అవుతుంది. క్యాపాసిటీ రిపోర్టు ఒక లెక్కలో, టికెట్ ఇంకో లెక్కలో ఉండటంతో మేనేజర్ల మీటింగుల్లో గంటలు వృథా అవుతుంటాయి. టికెట్‌లోనే రాసి పెట్టుకోండి.

ఇక ఒకటే లన్ వద్దు. కారణం క్యూ. ప్రతి దారికీ, ప్రతి లన్‌కూ ఒకేసారి ఎన్ని ఐఓలు (చదివే, రాసే అభ్యర్థనలు) పంపొచ్చో డ్రైవర్‌లో ఒక పరిమితి ఉంటుంది. ఎమ్యులెక్స్ డ్రైవర్‌లో డిఫాల్ట్‌గా అది చాలాకాలం 30, కొత్త వెర్షన్లలో 64. 30 లెక్కనే చూద్దాం. మీ నాలుగు దారుల్లో మామూలుగా పనిచేసేవి రెండే (ఎందుకో కింద చెప్తాను). అంటే ఒకే పెద్ద లన్ ఇస్తే ఒక నోడ్ నుంచి ఒకేసారి 60 ఐఓలు వెళ్తాయి, మిగిలినవి సర్వర్‌లోనే వరుసలో నిలబడతాయి. స్టోరేజ్ ఖాళీగా కూర్చుంటుంది, డీబీఏ మాత్రం స్టోరేజ్ స్లో అని మెయిల్ పెడతారు. అదే చోటును నాలుగు లన్‌లుగా ఇస్తే 240 వెళ్తాయి. ఒరాకిల్ కూడా ఒక్కో ఏఎస్ఎం (ఒరాకిల్ సొంత డిస్క్ మేనేజర్) డిస్క్ గ్రూపుకి ఒకే సైజున్న లన్‌లు కనీసం నాలుగు ఉండాలని చెబుతుంది. అలాగని నలభై ముక్కలు చేయకండి. ఒక్కో లన్ నాలుగు దారులుగా కనిపిస్తుంది కాబట్టి సర్వర్ బూట్ అయ్యేటప్పుడు స్కాన్‌కే టైమ్ పడుతుంది, రేపు ఎవరైనా మల్టీపాత్ లిస్టు చదవాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

నేనైతే ఇలా ఇస్తాను. డేటా గ్రూపుకి 512 జీబీవి నాలుగు. ఆర్కైవ్ లాగ్‌లు (జరిగిన మార్పుల రికార్డు), ఫ్లాష్‌బ్యాక్ ఉండే ఎఫ్‌ఆర్‌ఏ (రికవరీ చోటు) గ్రూపుకి 256 జీబీవి నాలుగు. అక్కడికి 3 టీబీ. క్లస్టర్ తన సొంత వివరాలు పెట్టుకునే ఓటింగ్ డిస్కు, ఓసీఆర్ కోసం చిన్నవి విడిగా. కొందరు ఓటింగ్‌కి నార్మల్ రిడండెన్సీ (ఏఎస్ఎం తానే కాపీలు ఉంచడం) అని మూడు లన్‌లు అడుగుతారు. మూడూ ఒకే స్టోరేజ్ నుంచి వస్తున్నప్పుడు ఆ స్టోరేజ్ పడిపోతే మూడూ కలిసే పోతాయి కదా, అందుకే దానివల్ల ఒరిగేది పెద్దగా లేదని నా అభిప్రాయం. కానీ డీబీఏ పట్టుబడితే వాదన అక్కర్లేదు, చిన్న లన్‌లే, ఇచ్చేయండి. డేటా గ్రూపుకి మాత్రం ఎక్స్‌టర్నల్ రిడండెన్సీ (కాపీల పని స్టోరేజ్‌కే వదిలేయడం) చాలని గట్టిగా చెప్పండి. కింద రెయిడ్ (డిస్కు పోయినా డేటా పోకుండా చూసేది) ఎలాగూ ఉంది, పైన ఏఎస్ఎం కూడా మిర్రర్ చేస్తే చోటు సగానికి సగం పోతుంది.

రేపు చోటు సరిపోకపోతే ఉన్న లన్‌లను పెంచడం కన్నా అదే సైజువి కొత్తవి కలపడం ఏఎస్ఎంతో తేలిక. ఏఎస్ఎం డిస్కు సైజును బట్టి డేటా పంచుతుంది. 512 జీబీవి నాలుగింటి పక్కన 2 టీబీది ఒకటి పెడితే, సగం డేటా ఆ ఒక్క దాని మీదికే వెళ్లి కూర్చుంటుంది.

ఇప్పుడు ఆ లన్‌లు ఏ వాల్యూమ్‌లో (స్టోరేజ్‌లో లన్‌లు ఉండే డబ్బాలో) ఉండాలి అన్నది. దీనికి కాస్త టైమ్ ఇవ్వండి, ఎందుకంటే ఇది తర్వాత మార్చడం కష్టం. నెట్‌యాప్‌లో స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఉన్నది ఉన్నట్టు కాపీ) వాల్యూమ్ స్థాయిలో జరుగుతుంది. ఒకే వాల్యూమ్‌లో ఉన్న లన్‌లన్నీ ఒకే క్షణంలో స్నాప్‌షాట్‌లో పడతాయి. ఏఎస్ఎం డేటాను నాలుగు లన్‌ల మీదా చల్లుతుంది కాబట్టి ఆ నాలుగింటికీ వేర్వేరు క్షణాల్లో తీసిన స్నాప్‌షాట్‌లతో డేటాబేస్ లేవదు. కాబట్టి డేటా గ్రూపు లన్‌లు నాలుగూ ఒకే వాల్యూమ్‌లో పెట్టడం సులభమైన దారి. అయితే ఒక వాల్యూమ్ ఒకే అగ్రిగేట్‌లో (డిస్కుల గుంపులో), అంటే ఒకే కంట్రోలర్ కింద ఉంటుంది. లోడ్ భారీగా ఉండి రెండు కంట్రోలర్లనూ వాడుకోవాలనుకుంటే రెండు వాల్యూమ్‌లు చేసి, రెండింటినీ ఒకే క్షణంలో స్నాప్‌షాట్ తీసే కన్సిస్టెన్సీ గ్రూపులో పెట్టాలి. ఆన్‌ట్యాప్ 9.10.1 నుంచి సిస్టమ్ మేనేజర్‌లోనే ఆ సౌకర్యం ఉంది. 3 టీబీ డేటాబేస్‌కి ఆ అవసరం ఉండకపోవచ్చు. డేటా ఒక కంట్రోలర్ కింద, ఎఫ్‌ఆర్‌ఏ ఇంకో కంట్రోలర్ కింద పెట్టండి, లోడ్ దానంతట అదే కొంత పంచుకుంటుంది.

ఎఫ్‌ఆర్‌ఏను డేటా వాల్యూమ్‌లో కలపొద్దనడానికి అసలు కారణం వేరే ఉంది. ఎప్పుడైనా డేటా పాడై, నిన్న రాత్రి స్నాప్‌షాట్‌కి వాల్యూమ్‌ను వెనక్కి తిప్పాల్సి వస్తుంది. ఆర్కైవ్ లాగ్‌లు కూడా అందులోనే ఉంటే అవీ నిన్న రాత్రికి పోతాయి. ఇవాళ పొద్దున్నుంచి జరిగిన లావాదేవీలను మళ్లీ ఎక్కించడానికి కావాల్సినవి ఆ లాగ్‌లే. రీడూ లాగ్‌ల (మార్పులను ముందుగా రాసే లాగ్‌ల) సంగతీ అంతే, డేటాతో పాటు వెనక్కి తిరిగిపోని చోట వాటికి ఒక కాపీ ఉండేలా చూడమని డీబీఏకి చెప్పండి.

థిన్, థిక్ సంగతికి వద్దాం. ఆల్ ఫ్లాష్ మీద నేను థిన్‌కే ఓటేస్తాను. కంప్రెషన్, డీడూప్ (ఒకే డేటాను రెండుసార్లు దాచకపోవడం) వల్ల మిగిలే చోటు థిక్ పెట్టుకుంటే మీకు దక్కదు. కానీ థిన్ ఇచ్చి గమనించకుండా వదిలేసేవాళ్లు థిక్ పెట్టుకోవడమే మేలు. వాల్యూమ్ నిండితే ఏమవుతుందో తెలుసు కదా? లన్‌లో స్పేస్ అలొకేషన్ అనే ఆప్షన్ ఆఫ్‌లో ఉంటే, చోటు అయిపోయిన క్షణంలో స్టోరేజ్ ఆ లన్‌ను ఆఫ్‌లైన్ చేసేస్తుంది. రెండు నోడ్లూ ఒకేసారి పడతాయి. ఆన్‌లో ఉంటే కనీసం సర్వర్‌కి చోటు లేదని ఎర్రర్ వెళ్తుంది, చదవడం సాగుతుంది. 9.15.1 నుంచి కొత్త లన్‌లకు అది డిఫాల్ట్‌గా ఆన్, అంతకుముందు వెర్షన్లలో ఆఫ్. మీది ఏ వెర్షనో చూసుకుని చేత్తో ఆన్ చేయండి.

వాల్యూమ్ సైజు నిర్ణయించేటప్పుడు లన్‌ల మొత్తానికి సమానంగా పెట్టకండి. స్నాప్‌షాట్ ఉన్నంతకాలం పాత బ్లాకులు పోవు, కొత్త రాతలు కొత్త చోట పడతాయి. 2 టీబీ డేటాలో రోజుకు 5 శాతం మారితే దాదాపు 100 జీబీ. వారం రోజుల స్నాప్‌షాట్‌లు ఉంచితే 700 జీబీ. లన్‌లో ఖాళీ ఉందని డీబీఏ అంటారు, వాల్యూమ్ నిండిందని స్టోరేజ్ అంటుంది, ఇద్దరూ చెప్పేది నిజమే. వాల్యూమ్ తయారు చేసేటప్పుడు స్నాప్‌షాట్ రిజర్వ్ డిఫాల్ట్‌గా 5 శాతం వస్తుంది, లన్‌ల వాల్యూమ్‌కి దాన్ని సున్నా చేయండి. ఆటోగ్రో (నిండుతుంటే వాల్యూమ్ తానే పెరగడం) ఆన్ చేసి గరిష్ఠ పరిమితి ఇవ్వండి. స్నాప్‌షాట్ ఆటోడిలీట్ కూడా పెట్టుకోవచ్చు. కానీ బ్యాకప్ టీమ్ ఆ స్నాప్‌షాట్‌ల మీదే ఆధారపడి ఉంటే ముందు వాళ్లకు చెప్పండి. చెప్పకుండా పెడితే వాళ్ల రీస్టోర్ పాయింట్లు మాయమైనప్పుడు గొడవ మీ మెడకు చుట్టుకుంటుంది.

ఆన్‌ట్యాప్‌లో వాల్యూమ్ నిండబోతోందన్న హెచ్చరిక డిఫాల్ట్‌గా 95 శాతం దగ్గర, నిండిందన్నది 98 దగ్గర వస్తుంది. డేటాబేస్ ఉన్న చోట 95 అంటే చాలా ఆలస్యం. మానిటరింగ్‌లో 80 దగ్గరే మెయిల్ వచ్చేలా పెట్టుకోండి. వాల్యూమ్‌కి ఒక్కదానికే కాదు, అగ్రిగేట్‌కీ పెట్టండి. వాల్యూమ్‌లన్నీ థిన్ అయినప్పుడు అన్నిటికీ కింద ఉన్న నిజమైన చోటు అదొక్కటే.

ఇక జోనింగ్, అంటే ఏ పోర్టు ఏ పోర్టుతో మాట్లాడొచ్చో స్విచ్‌లో చెప్పడం. కొత్తవాళ్లు నెట్‌యాప్‌తో ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. స్విచ్‌లో లాగిన్ అయి నేమ్ సర్వర్ లిస్టు చూస్తే నెట్‌యాప్ వైపు నుంచి ఒకే పోర్టు మీద రెండు రకాల డబ్ల్యూడబ్ల్యూపీఎన్‌లు (పోర్టు చిరునామాలు) కనిపిస్తాయి. 50తో మొదలయ్యేది కార్డు భౌతిక పోర్టుది. 20తో మొదలయ్యేది మీ ఎస్‌వీఎం (స్టోరేజ్‌లోని వర్చువల్ సర్వర్) లిఫ్‌ది, అంటే దాని వర్చువల్ పోర్టుది. జోన్‌లో పెట్టాల్సింది లిఫ్‌ది, అంటే 20తో మొదలయ్యేది. భౌతిక పోర్టుది పెడితే జోన్ ఎర్రర్ ఏమీ ఇవ్వదు, కాన్ఫిగ్ చక్కగా యాక్టివేట్ అవుతుంది, సర్వర్‌లో లన్ మాత్రం కనిపించదు. సగం రాత్రి కేబుల్‌ని, కేబుల్ దూర్చే ఎస్‌ఎఫ్‌పీని అనుమానిస్తూ గడిచిపోతుంది. లిఫ్‌లు పని చేయాలంటే స్విచ్ పోర్టులో ఎన్‌పీఐవీ (ఒకే పోర్టు మీద పలు చిరునామాలను ఒప్పుకునేది) ఆన్‌లో ఉండాలన్నది కూడా గుర్తుంచుకోండి.

ఒక్కో జోన్‌లో ఒక్క ఇనిషియేటర్ (సర్వర్ వైపు పోర్టు) మాత్రమే ఉండాలి. మీ రెండు సర్వర్లకు రెండేసి పోర్టులు, అంటే మొత్తం నాలుగు జోన్‌లు, ఫ్యాబ్రిక్ (విడి స్విచ్ నెట్‌వర్క్) ఏలో రెండు, బీలో రెండు. ఒక్కో జోన్‌లో ఆ హెచ్‌బీఏ పోర్టు, ఆ ఫ్యాబ్రిక్‌లోని రెండు కంట్రోలర్ల లిఫ్‌లు. అన్నీ ఒకే జోన్‌లో కుక్కితే పని చేయదా అంటే చేస్తుంది. కానీ ఒక సర్వర్ రీబూట్ అయినప్పుడల్లా ఆ మార్పు కబురు రెండో సర్వర్‌కీ వెళ్తుంది, క్లస్టర్‌లో అనవసరమైన కుదుపు. లిఫ్‌లు ఇంకా ఎక్కువ ఉన్నాయి కదా అని అన్నీ కలపకండి. ఒక లన్‌కి ఎనిమిది దారులు దాటొద్దని నెట్‌యాప్ చెబుతుంది, నాలుగు దారులు మీకు బ్రహ్మాండంగా చాలు.

బ్రొకేడ్ స్విచ్ అయితే కాన్ఫిగ్ ఎనేబుల్ చేసే ముందు, ఇప్పుడు అమల్లో ఉన్నదానికీ మీరు ఎనేబుల్ చేయబోయేదానికీ తేడా చూడండి. ఎనేబుల్ చేయగానే మీ జోన్ ఒక్కటే కాదు, ఆ కాన్ఫిగ్‌లో ఉన్నదంతా అమల్లోకి వస్తుంది. వేరే షిఫ్ట్‌లో ఎవరో సగం చేసి వదిలేసిన మార్పు కూడా మీ పేరుతోనే వెళ్తుంది. సిస్కో ఎండీఎస్ అయితే వీశాన్ (స్విచ్‌లో విడదీసిన వర్చువల్ ఫ్యాబ్రిక్) నంబరు సరిచూసుకోండి. ముందు ఫ్యాబ్రిక్ ఏ చేసి, సర్వర్‌లో ఆ రెండు దారులూ వచ్చాయని చూసుకున్నాకే బీ ముట్టుకోండి. మీరు హైదరాబాద్ నుంచి పని చేస్తున్నారు కాబట్టి కేబుల్ ఎక్కడుందో కంటితో చూడలేరు, అక్కడున్న మనిషి ఫోన్‌లో చెప్పేది నమ్మాల్సి వస్తుంది. ఆ మాటకన్నా నేమ్ సర్వర్ లిస్టును నమ్మండి. సర్వర్ మొదటి హెచ్‌బీఏ పోర్టు ఫ్యాబ్రిక్ ఏలో, రెండోది బీలో లాగిన్ అయ్యాయో లేదో అది చెప్తుంది. రెండూ ఒకే ఫ్యాబ్రిక్‌లోకి పోతే లన్‌లు కనిపిస్తాయి, అంతా బాగున్నట్టే ఉంటుంది, ఆ ఫ్యాబ్రిక్ స్విచ్‌కి అప్‌గ్రేడ్ పెట్టిన రోజు బండారం బయటపడుతుంది.

తర్వాత ఇగ్రూప్. లన్‌ను ఏ సర్వర్ చూడొచ్చో చెప్పే లిస్టు అది. క్లస్టర్ షేర్డ్ లన్‌ల కోసం రెండు నోడ్ల నాలుగు డబ్ల్యూడబ్ల్యూపీఎన్‌లనూ ఒకే ఇగ్రూప్‌లో పెట్టండి, ప్రొటోకాల్ ఎఫ్‌సీపీ (ఫైబర్ ఛానల్), ఓఎస్ టైప్ లినక్స్. లన్ తయారు చేసేటప్పుడు కూడా ఓఎస్ టైప్ అడుగుతుంది, అదీ లినక్స్ అనే ఇవ్వాలి. ఏదో ఒకటిలే అని విండోస్ పెడితే లన్ పనిచేస్తుంది కానీ లోపలి బ్లాకుల అలైన్‌మెంట్ తప్పొచ్చు. పాత రోజుల్లో పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర మొదలయ్యేది. 63ని 512తో హెచ్చిస్తే 32,256 బైట్లు, అది 4 కేబీ బ్లాకుల మధ్యలో పడుతుంది, దాంతో సర్వర్ చేసే ప్రతి చిన్న రాతకీ స్టోరేజ్ రెండు బ్లాకులు కదపాలి. ఇప్పటి టూల్స్ 1 ఎంబీ దగ్గర మొదలుపెడతాయి కాబట్టి ఆ బాధ చాలావరకు తీరింది. ఏఎస్ఎంకి పార్టిషన్ లేకుండా మొత్తం డివైజ్ ఇస్తే అసలు ఆ ప్రశ్నే రాదు.

సర్వర్లు శాన్ (స్టోరేజ్ నెట్‌వర్క్) నుంచే బూట్ అవుతుంటే మాత్రం జాగ్రత్త. బూట్ లన్‌ను ఈ షేర్డ్ ఇగ్రూప్‌కి మ్యాప్ చేయకూడదు. ఒక్కో నోడ్‌కి సొంత ఇగ్రూప్ చేసి దానికే ఇవ్వాలి. ఆన్‌ట్యాప్ 9.9.1 నుంచి ఇగ్రూప్‌లో ఇగ్రూప్ పెట్టొచ్చు కాబట్టి నోడ్‌కి ఒకటి చొప్పున చిన్నవి చేసి, రెండింటినీ ఒక పెద్దదాంట్లో పెట్టి, షేర్డ్ లన్‌లను పెద్దదానికి, బూట్ లన్‌లను చిన్నవాటికి మ్యాప్ చేయడం శుభ్రంగా ఉంటుంది. ఏఎస్ఎం లాంటి క్లస్టర్ సాఫ్ట్‌వేర్ లేని లన్‌ను రెండు సర్వర్లకు చూపించడం డేటాను చేజేతులా పాడుచేసుకోవడమే. మామూలు ఫైల్ సిస్టమ్‌లైన ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కి గానీ ఈఎక్స్‌టీ4కి గానీ రెండో సర్వర్ కూడా అదే డిస్కులో రాస్తోందని తెలియదు. విండోస్ సర్వర్‌కి పొరపాటున మ్యాప్ అయితే ఇంకా ప్రమాదం, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవగానే డిస్కును ఇనిషియలైజ్ చేయమంటారా అని అడుగుతుంది, ఎవరో ఒకరు ఓకే నొక్కేస్తారు.

మీది వేరే స్టోరేజ్ అయినా పని ఇదే, పేర్లే మారతాయి. హిటాచీ వీఎస్‌పీలో లన్ వెనకుండేది ఎల్‌డెవ్, ఇగ్రూప్ స్థానంలో హోస్ట్ గ్రూప్, ఓఎస్ టైప్ స్థానంలో హోస్ట్ మోడ్. డెల్ పవర్‌మ్యాక్స్‌లో స్టోరేజ్ గ్రూప్, పోర్ట్ గ్రూప్, ఇనిషియేటర్ గ్రూప్ మూడూ కలిస్తే మాస్కింగ్ వ్యూ. హెచ్‌పీఈ త్రీపార్‌లో సీపీజీ మీద వర్చువల్ వాల్యూమ్ చేసి ఎక్స్‌పోర్ట్ చేస్తే వీలన్.

మ్యాప్ చేశాక రెండు నోడ్లలోనూ స్కాన్ చేసి మల్టీపాత్ లిస్టు చూడండి. ప్రతి లన్ కింద రెండు గుంపులు కనిపించాలి: ప్రయారిటీ 50 ఉన్నవి రెండు దారులు, 10 ఉన్నవి రెండు. పైన రెండు దారులే పనిచేస్తాయి అన్నది ఇదే. వాల్యూమ్ ఏ కంట్రోలర్ కింద ఉందో దాని దారులకు 50, పక్క కంట్రోలర్ మీదుగా చుట్టూ తిరిగి వచ్చేవాటికి 10. ఆలువా అనే పద్ధతిలో స్టోరేజే ఈ సంగతి సర్వర్‌కి చెప్తుంది. నాలుగూ 10 అని చూపిస్తే లన్ సొంత కంట్రోలర్‌కి దారి లేనట్టే, ఆ లిఫ్‌లు జోన్‌లో ఉన్నాయో లేదో చూడండి. రెడ్‌హ్యాట్ 8లో నెట్‌యాప్‌కి కావాల్సిన మల్టీపాత్ సెట్టింగులు ముందే ఉంటాయి. ఇంటర్నెట్‌లో దొరికిన పాత రెడ్‌హ్యాట్ 5 నాటి డివైజ్ సెక్షన్ తెచ్చి అతికించొద్దు.

ఏ లన్ ఏదో గుర్తుపట్టడానికి లన్ ఐడీని నమ్మకండి, సైజును అసలే నమ్మకండి, మీవి నాలుగేసి ఒకే సైజువి కదా. ఆన్‌ట్యాప్‌లో లన్ సీరియల్‌ను హెక్స్ రూపంలో చూడొచ్చు. లినక్స్‌లో కనిపించే పొడవాటి గుర్తు 3600ఏ0980 అని మొదలవుతుంది, దాని వెనక ఉండేవి ఆ హెక్స్ అంకెలే. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక షీట్‌లో రాసుకుని, ఆ గుర్తు ఆధారంగా మల్టీపాత్ ఫైల్‌లో అర్థమయ్యే పేర్లు ఇవ్వండి: డేటా 01, డేటా 02 అలా. రెండు నోడ్లలోనూ అవే పేర్లు రావాలి. ఒరాకిల్ యూజర్‌కి అనుమతులు ఇచ్చే యూడెవ్ రూల్ కూడా ఆ గుర్తు మీదే రాయండి.

డీబీఏకి అప్పజెప్పే ముందు ఒక్క పని మాత్రం మానకండి. లన్ మీద ఏదో ఒక రీడ్ లోడ్ నడుస్తుండగా స్విచ్‌లో ఒక సర్వర్ పోర్టును డిసేబుల్ చేయండి. రెండు దారులు ఫెయిల్ అయినట్టు కనిపించాలి, లోడ్ ఒక్క క్షణం తడబడి మళ్లీ సాగాలి. పోర్టు ఎనేబుల్ చేస్తే దారులు తిరిగి రావాలి. రెండో ఫ్యాబ్రిక్‌కీ అలాగే. డేటాబేస్ ప్రొడక్షన్‌లోకి వెళ్లాక ఈ పరీక్షకు ఎవరూ అనుమతి ఇవ్వరు.

నాలుగు, అంతకన్నా ఎక్కువ నోడ్ల నెట్‌యాప్ క్లస్టర్ అయితే ఇంకో మాట. ఆన్‌ట్యాప్ 8.3 నుంచి సెలెక్టివ్ లన్ మ్యాప్ అని ఒకటుంది. దాని ప్రకారం లన్ దాని సొంత కంట్రోలర్, దాని జత కంట్రోలర్ల నుంచి మాత్రమే కనిపిస్తుంది. వాల్యూమ్‌ను వేరే జతకు తరలించాలంటే ముందు అక్కడి నోడ్లను రిపోర్టింగ్ నోడ్లుగా కలిపి, సర్వర్లో స్కాన్ చేసి, కొత్త దారులు వచ్చాకే తరలించాలి. పాతవాటిని ఆ తర్వాత తీసేయాలి.

ఇక మీ టెస్ట్ లన్ తీసివేత. ఇచ్చిన దానికి సరిగ్గా తిరగేసిన వరుసలో, సర్వర్ వైపు నుంచి మొదలుపెట్టండి. అది ఏఎస్ఎంలో ఉంటే డీబీఏ ముందు గ్రూపు నుంచి డ్రాప్ చేయాలి, రీబ్యాలెన్స్ (అందులోని డేటా మిగతా డిస్కులకు సర్దడం) పూర్తయ్యేదాకా ఆగాలి. కమాండ్ ప్రాంప్ట్ తిరిగి వచ్చినంత మాత్రాన పూర్తయినట్టు కాదు, వెనక డేటా ఇంకా కదులుతూనే ఉంటుంది. తర్వాత రెండు నోడ్లలోనూ మల్టీపాత్ డివైజ్‌ను ఫ్లష్ చేయండి, అంటే లిస్టులోంచి తీసేయండి. ఫ్లష్ కాకుండా వాడుకలో ఉందని అంటే బలవంతం చేయకండి, ఎవరు వాడుతున్నారో వెతకండి, కెర్నల్ మీకు ఉచితంగా ఇస్తున్న హెచ్చరిక అది. ఆపైన ఆ నాలుగు ఎస్‌డీ డివైజ్‌లను ఒక్కొక్కటిగా డిలీట్ చేయండి. అప్పుడు స్టోరేజ్‌లో అన్‌మ్యాప్.

వరుస తప్పి ముందు స్టోరేజ్‌లో అన్‌మ్యాప్ చేస్తే సర్వర్‌లో చచ్చిన దారులు మిగిలిపోతాయి. మల్టీపాత్ ఆ లన్‌కి ఐఓను క్యూలో పెట్టి దారి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, దాన్ని తాకిన ప్రతి ప్రాసెస్ ఇరుక్కుపోతుంది, కిల్ చేసినా పోదు. ఇంతకన్నా ప్రమాదకరమైనది ఇంకోటి ఉంది. ఖాళీ అయిన ఆ లన్ ఐడీని ఎవరో కొత్త లన్‌కి ఇస్తారు. సర్వర్ దృష్టిలో పాత డిస్కు చోటే కొత్త లన్ వచ్చి కూర్చుంటుంది. లన్ కేటాయింపులు మారాయనీ, తాను వాటిని ఆటోమేటిక్‌గా సర్దుకోననీ కెర్నల్ లాగ్‌లో ఒక మెసేజ్ రాస్తుంది. ఆ లైన్ ఎక్కడ కనిపించినా చేతిలో పని ఆపి ముందు అది చూడండి.

అన్‌మ్యాప్ చేశాక వెంటనే డిలీట్ చేయకండి. లన్‌ను ఆఫ్‌లైన్ చేసి కొన్ని రోజులు వదిలేయండి, నెలాఖరు రిపోర్టుల లాంటివి నడిచే టీమ్ అయితే నెలాఖరు దాటేదాకా. ఎవరూ ఫోన్ చేయకపోతే అప్పుడు తీసేయండి. మొత్తం వాల్యూమ్‌ను డిలీట్ చేస్తే డిఫాల్ట్‌గా 12 గంటలు రికవరీ క్యూలో ఉంటుంది, వాల్యూమ్ లోపల లన్ ఒక్కదాన్ని డిలీట్ చేస్తే ఆ వెసులుబాటు లేదు, స్నాప్‌షాట్ ఉంటేనే దిక్కు. మ్యాప్ అయి ఉన్న లన్‌ను డిలీట్ చేయబోతే ఆన్‌ట్యాప్ ఒప్పుకోదు, ఫోర్స్ ఆప్షన్ ఇస్తేనే చేస్తుంది. ఫోర్స్ వాడాల్సిన పరిస్థితి వచ్చిందంటే పై వరుసలో ఏదో మెట్టు తప్పినట్టే.

ఎన్‌వీఎంఈ గురించి అడిగారు. అక్కడ లన్ బదులు నేమ్‌స్పేస్, ఇగ్రూప్ బదులు సబ్‌సిస్టమ్, డబ్ల్యూడబ్ల్యూపీఎన్ బదులు ఎన్‌క్యూఎన్ ఇస్తారు, ఆలువా పని ఏఎన్ఏ చేస్తుంది. మీ ఫైబర్ ఛానల్ స్విచ్‌ల మీదే ఇదీ నడుస్తుంది, లేటెన్సీ తగ్గుతుంది. కానీ రెడ్‌హ్యాట్ 8లో ఎన్‌వీఎంఈ సొంత మల్టీపాత్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, 9లో ఆన్. డీబీఏ టీమ్‌కి కూడా డివైజ్ పేర్ల దగ్గర్నుంచి రూల్స్ దాకా అన్నీ కొత్తగా రాసుకోవాల్సి వస్తుంది. ఈ క్లస్టర్‌ని ఎఫ్‌సీపీతోనే పూర్తి చేయండి. రెడ్‌హ్యాట్ 9కి మారే ప్రాజెక్టు వచ్చినప్పుడు, నెట్‌యాప్ ఇంటరాపరబిలిటీ మ్యాట్రిక్స్‌లో మీ హెచ్‌బీఏ, ఫర్మ్‌వేర్, ఓఎస్, క్లస్టర్ వెర్షన్ కాంబినేషన్ ఉందని చూసుకుని అప్పుడు ఆలోచించండి. మల్టీపాత్ లిస్టులో ప్రయారిటీలు ఎలా వచ్చాయో కింద పెట్టండి, జోనింగ్‌లో ఏదైనా తేడా ఉంటే దాన్ని చూసి చెప్పొచ్చు.